కాటా పుస్తకం వెనక పేజీలు

మే నెల. మిర్చి యార్డుకి సెలవులు.
టిక్కీలన్నీ కోల్డు స్టోరేజీల్లో వణుకుతుంటాయి.
మేం మాత్రం ఏటుకూరు రోడ్డు మీద
బాజీ టీకొట్టు ముందు ఉడికిపోతూ
పోయినేటి టోర్నమెంటుని మళ్లీ ఆడుతుంటాం,
బ్యాటు లేకుండా, బంతి లేకుండా.

జక్రయ్యకి బౌలర్లంతా మిరపకాయలే.
నల్లపాడు కుర్రాడా? తేజ.
చూట్టానికి సన్నం, కొరికినాక తెలుస్తాడు.
లాలాపేట స్పిన్నరు బాడిగ. రంగే గానీ కారమేదీ?
మా కెప్టెను బామ్మర్ది?
"తాలు," అంటాడు
గ్లాసులో పడ్డ ఈగని గోటితో తీసి విసిరేస్తూ.

మరి సుభానీ?
జక్రయ్య గడ్డం గోక్కుంటాడు.
ఆ రకం యార్డుకి రాలేదింకా.

ఎడమ చెయ్యి. మూడంటే మూడడుగుల పరుగు.
పొద్దుటినించీ నూట ఇరవై టిక్కీలు మోసిన భుజం
సాయంత్రానికి టెన్నిస్ బంతిని
బరువు దించుకున్నంత సుఖంగా వదిలేది.
ఆ బంతి వచ్చేది కాదు,
వచ్చేసి ఉండేది.
వెనక్కి చూస్తే వికెట్టు పడుకుని ఉండేది.

అట్లాంటోణ్ణి వదులుకున్నాం.
"పొత్తూరోళ్లు లాగేశారు," అంటాడు రత్నబాబు.
"లాగితే వచ్చేదానికి వాడేమన్నా బండా?
అమ్ముడుపోయాడు. పాత మోపెడ్‌కి."
ఇది ఏసోబు. ఏడాదైనా చల్లారలేదు.
లోపల్నించి బాజీ:
"మనవేం ఇచ్చాం రా వాడికి?
డజను అరటిపళ్లు, ఒక టవలు.
టవలు కూడా నాదే."
కాసేపు ఎవరూ మాట్లాడరు.
పాలు పొంగి పొయ్యి మీద పడతాయి.

ఇక ఫైనలు.
అది రాకుండా ఏ సాయంత్రమూ పూర్తి కాదు.
రైలు కట్ట పక్కన గ్రౌండు.
ఆఖరి బంతి, అయిదు పరుగులు కావాలి.
పొత్తూరు చొక్కాలో సుభానీ,
ఎదురుగా మా రత్నబాబు,
జన్మలో పదకొండు దాటనివాడు,
కళ్లు మూసుకుని ఊపాడు.
బంతి లేచింది,
కట్ట దాటింది,
నరసరావుపేట వైపు పోతున్న గూడ్సులో పడింది.

అంపైరు రెండు చేతులూ ఎత్తి, ఒకటి దించి,
మళ్లీ ఎత్తాడు.
పొత్తూరోళ్లు అడ్డం పడ్డారు:
బంతి ఇంకా ఆగలేదు, సిక్సెట్లా?
బంతి చూపించండి, పరుగులు తీసుకోండి.
ఆ గొడవ ఈ రోజుకీ ఆగలేదు,
ఆ బంతి లాగే.

"సుభానీ కావాలనే వేశాడు," అంటాడు ఏసోబు, కప్పు మనదైనా.
"పాత ఉప్పు. మెత్తగా, మిఠాయిలాగా పెట్టాడు."
"మిఠాయా? దాన్ని కొట్టింది నేను!"
రత్నబాబు కుర్చీ లోంచి లేస్తాడు.

నేను కాటా గుమాస్తాని.
ముప్ఫై ఏళ్లుగా ముల్లునీ, భుజాల్నీ
చూడ్డమే నా పని.
ఆ రోజు కాటా పుస్తకం వెనక పేజీల్లో స్కోరు రాసిందీ నేనే.
ఆఖరి ఓవరు ముందు
సుభానీ నీళ్ల సీసా కుడిచేత్తో ఎత్తాడు.
ఎడంచెయ్యి తొడ పక్కన
వేరే ఎవరిదో లాగా వేలాడుతోంది.
గడిలో 6 అని మాత్రం రాశాను.
భుజానికి గడి లేదు ఆ పుస్తకంలో.

ఇప్పుడు వాడు టిక్కీలు మొయ్యడు,
మూతులు కుడతాడు.
ఈ సాయంత్రం మోపెడ్ ఆపి, బల్ల చివర కూర్చున్నాడు.
వాదన ఒక్కసారిగా దగ్గులోకి మారింది.

"ఆపారేం, కానీయండి," అన్నాడు.
రత్నబాబు గొంతు సవరించుకుని మొదలెట్టాడు.
ఈసారి గూడ్సుకి ఇంకో పది పెట్టెలు కలిశాయి,
వాటి నిండా బొగ్గు.

సుభానీ కుడిచేత్తో టీ అందుకుని
"బొగ్గు కాదురా," అన్నాడు,
"ఖాళీ బండి.
బంతి పడ్డప్పుడు చప్పుడు విన్లా?
టంగుమంది."